గోల్లో కుర్చీ

గెడ్డవలసలో ఏ సభ జరిగినా అందరికంటే ముందు వచ్చేవాడు, అందరికంటే చివర వెళ్లేవాడు పోలినాయుడు. ఆయన నాయకుడు కాదు, శ్రోత అంతకన్నా కాదు. టెంట్ హౌస్ యజమాని. షామియానాలు, స్టేజి బల్లలు, కుర్చీలు, మైకుసెట్టు, వంటపాత్రలు అన్నీ ఆయనవే. ఊళ్లో పెళ్లయిన ప్రతివాడూ ఆయన సోఫాలో కూర్చున్నవాడే. పోయిన ప్రతివాడూ ఆయన బల్ల మీద పడుకున్నవాడే.

మాట తక్కువ మనిషి. నలభై ఏళ్లుగా ఉపన్యాసాల పక్కన బతుకుతున్నవాడికి మాటల మీద మోజేముంటుంది? ఆయనా, ఆయన మనుషులూ స్టేజి వెనక బీడీలు కాల్చుకుంటూ ఒక్కదాని కోసమే చెవులు రిక్కించి ఉంటారు: జనగణమన. అది మొదలవగానే బీడీలు ఆర్పి, అందరిలాగే కదలకుండా నిలబడతారు. 'జయహే' ముగిసిందా, కుర్చీలు ఎత్తుతారు. వాళ్లకు వేరే గడియారం లేదు.

జనగణమనకు ముందు వందన సమర్పణ అని ఒకటి ఉంటుందని అంటారు. గెడ్డవలసలో దాన్ని విన్నవాడు లేడు. ఆ సమయానికి వేదిక మీదివాళ్లు కాళ్లతో చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు, కిందివాళ్లు భోజనాల వాసన పట్టుకుంటూ ఉంటారు.

పోలినాయుడికి ఒక్కతే మనవరాలు, పైడితల్లి. చిన్నప్పుడు తాత పాతిన టెంటు బాదుల, అంటే గుంజల, మధ్య నిలబడి, వీధిలో పిల్లలు తన్నిన బంతులన్నీ పట్టుకునేది. పట్టుకుని పట్టుకుని ఊరి జట్టుకు, జిల్లాకు, చివరికి దేశానికే గోల్‌కీపర్ అయింది. దేశమంతా ఆమె ఆట చూసింది. తాత చూడలేదు. మ్యాచ్‌లన్నీ పెళ్లి ముహూర్తాల రోజుల్లోనే వచ్చేవి. ముహూర్తం రోజు టెంటు హౌసు వదిలి వెళ్లిన మనిషిని ఊరు క్షమించదు.

ఆ ఏడు ఒక విడ్డూరం జరిగింది. ఏరు గురించి గాని, సరిహద్దు గురించి గాని, సముద్రంలో చేపల గురించి గాని ఎన్నడూ ఒక మాట మీదికి రాని నాలుగు పొరుగుదేశాలు, తమ ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించడానికి ఒప్పుకున్నాయి. 'పొరుగుదేశాల కప్పు' అన్నారు. చారిత్రాత్మకం అన్నారు. బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతి తప్ప ఆట గురించి ఏమీ తెలియనివాళ్లు మరీ గట్టిగా అన్నారు. మనమూ, కొండలదేశం వాళ్లూ ఫైనలుకు చేరాం. ఫైనలు గెడ్డవలస గోనెమిల్లు గ్రౌండులో పెట్టారు. ఆ గ్రౌండులో పచ్చిక బాగుంటుందని కాదు. పచ్చిక బాగుంటుంది, అది వేరే సంగతి. క్రీడల పెద్దాయన అత్తవారి ఊరు గెడ్డవలస.

పైడి ఫోన్ చేసింది.

"తాతా, ఈసారి తప్పించుకోనేవు. నీ ఇంటి ముందుకే వొస్తన్నాను."

"స్టేజీ నాకే ఇచ్చినారు. అక్కడే ఉంతాను."

"స్టేజీ యెనకాల కాదు, ఆట ముందల ఉండాలి. సూస్తావా, నేదా?"

"సూస్తానులేయే."

అది పోలినాయుడు జీవితంలో ఇచ్చిన అతి పొడవైన హామీ.

*

వేదికా నిర్వహణ ప్రత్యేకాధికారి పరంధామయ్యగారు వారం ముందే జీపులో దిగారు. సన్నటి మనిషి. ఏ క్షణంలో ఎవరికి నమస్కారం పెట్టవలసి వస్తుందోనని చేతులు ఎప్పుడూ సగం జోడించి ఉంచేవారు.

"చూడు నాయుడూ, ఇది చారిత్రాత్మక ఘట్టం. వేదిక కూడా తదనుగుణంగా ఉండవలసి ఉంది."

"ఎంతమందికి బావూ?"

"ప్రస్తుతానికి నలభైమంది. వరస మాత్రం ఒకటే."

"రెండు వరసలేసెస్తే అన్నీ కలిసొస్తాయి బావూ."

పరంధామయ్యగారు చుట్టూ చూశారు, ఎవరైనా విన్నారేమోనని. "ఆ మాట నా దగ్గర అన్నావు కాబట్టి సరిపోయింది. ఇంకెక్కడా అనకు."

సంగతేమిటంటే, అంతకుముందు వేసవిలో ఏదో జిల్లాలో ఒక చైర్మన్‌గారికి రెండో వరసలో కుర్చీ పడింది. మర్నాడు పేపరు ఫొటోలో ఆయన చెవి ఒక్కటే వచ్చింది. ఆ చెవి తనదేనని ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకోలేదట. ఆయన అలిగారు. కుర్చీ వేయించిన అధికారిని మనుషులకన్నా ఎలుగుబంట్లు ఎక్కువున్న చోటికి బదిలీ చేశారు. వెంటనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఇకపై రాష్ట్రంలో ఏ వేదిక మీదా రెండో వరస ఉండరాదు. వేదికార్హత గల ఏ వ్యక్తినీ కింద కూర్చోబెట్టరాదు. గౌరవానికి ముందూ వెనకా లేవు.

"అర్థమైందా? గౌరవం సమానం," అన్నారు పరంధామయ్యగారు. "ఎలుగుబంట్ల దగ్గరికి నేను వెళ్లలేను. నాకు ఉబ్బసం."

పోలినాయుడు మిల్లు గోడ పక్కన, పడమటి గీత బయట, నలభై కుర్చీలకు సరిపడా బల్లలు వేశాడు. చక్కగా కుదిరింది. ఆటకు అడ్డం లేదు. ఆ సాయంత్రం పోలినాయుడు ఆ బల్లల అంచున కూర్చుని, ఉత్తరం వైపు గోలుపోస్టు ఇక్కడినుంచి బాగా కనిపిస్తుందని చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పరంధామయ్యగారు మళ్లీ వచ్చారు.

"పొరుగుదేశాల ప్రతినిధుల విషయం నిన్న దృష్టికి రాలేదు. పై స్థాయిలో ప్రతిగౌరవ సూత్రం ఆమోదించారు. మనవారు ఒకరు వేదికనెక్కితే, సమాన హోదాలో తక్కిన మూడు దేశాలవారూ ఒక్కొక్కరు ఎక్కాలి."

"అంటే ఒకల్లకి నలుగురా బావూ?"

"దౌత్యభాషలో అలా అనరు. కానీ అంతే."

పడమటి గీత ఈ మూలనుంచి ఆ మూలదాకా నిండింది.

ఆ మాట ఊళ్లో పాకింది. వేదికార్హత ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది ఉత్తర్వులో రాయలేదు. కాబట్టి తనకు లేదని ఒప్పుకున్నవాడు గెడ్డవలసలో ఒక్కడూ దొరకలేదు. మార్కెట్ యార్డు పెద్దలు వచ్చారు, పాలకేంద్రం పెద్దలు వచ్చారు, కోలాటం సంఘం వచ్చింది. పన్నెండో వార్డు మెంబరు వచ్చి, తన పేరు లేకపోతే మిల్లు గోడ మీదినుంచి దూకేస్తానన్నాడు. గోడ నడుమెత్తే ఉంటుంది. అయినా పరంధామయ్యగారు సాహసించలేదు. వార్డు మెంబరుకు కుర్చీ పడింది. సమాన హోదా కోసం కొండలదేశంలో వెతికించి, ఏదో పల్లెనుంచి ఒక ముసలి మెంబరును విమానంలో తెప్పించారు. తననెందుకు పట్టుకెళ్తున్నారో తెలియక ఆయన దారంతా దండం పెడుతూనే వచ్చాడట.

వేదిక మూల తిరిగింది. ఉత్తరం గోలు వెనక నుంచి వెళ్లింది. తూర్పు గీత పట్టుకుంది. దక్షిణం గోలు వెనకగా తిరిగి, మొదలైన చోటికే వచ్చి చేరింది. గ్రౌండు చుట్టూ గాజులా వేదిక. ఇంకా జనం మిగిలారు.

పరంధామయ్యగారు తల పట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. "బయటికి పెంచుదామంటే గోడ. లోపల ఇంకో చుట్టు వేద్దామంటే, వెనక చుట్టు రెండో వరస అయిపోతుంది. ఉత్తర్వు ఉల్లంఘన. ఏం చెయ్యాలి నాయుడూ?"

పోలినాయుడికి అప్పటికే ఒళ్లు మండుతోంది. రోజంతా సమ్మెట కొట్టిన మనిషి. మాట తక్కువ మనిషి నోరు జారితే ఒక్కసారే జారుతుంది.

"అయితే జిలేబీనాగ తిప్పాల బావూ. తెగకుండా లోపలికి సుట్టుకుంటూ పోతే వొరస ఒక్కటే గదా."

వెటకారానికన్నాడు. పరంధామయ్యగారు తలెత్తారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెగదు," అన్నారు మెల్లగా. "వరస ఒకటే. ఎక్కడా తెగదు. ఎవరూ ఎవరికీ వెనక కాదు. అందరూ ఒకరి పక్కన ఒకరు. నాయుడూ, నువ్వు చదువుకుని ఉంటే నా ఉద్యోగంలో ఉండేవాడివి!"

పోలినాయుడు నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైంది. మధ్యాహ్నానికల్లా 'అఖండ వర్తుల వేదిక' అనే పేరుతో పైనుంచి ఆమోదం వచ్చేసింది.

బల్లలు గీత దాటి పచ్చిక మీదికి వచ్చాయి. ఒక చుట్టు. ఇంకో చుట్టు. మేస్త్రీ అసిరయ్య బాదు పాతుతూ అడిగాడు, "అయ్యా, మన పైడమ్మ ఎక్కడాడతాది?" పోలినాయుడు సమ్మెట అందుకున్నాడు. బాదు మీద ఇంకో రెండు దెబ్బలు వేశాడు. ప్రతి బల్లా తనే వేయించాడు. ప్రతి బల్ల కిందా మనవరాలి గ్రౌండు ఒక మూర తరిగింది.

ఈ జిలేబీలో ఒక గొప్ప సుగుణం బయటపడింది. బయటి కొసన ఉన్నవారు తామే మొదలనుకున్నారు. లోపలి కొసన ఉన్నవారు తామే కేంద్రమనుకున్నారు. మధ్య చుట్లవారు ఎటు చూసినా తమ తర్వాతే జనం కనబడుతున్నారని సంతోషించారు. చరిత్రలో తొలిసారి వేదిక మీద అలిగినవాడు లేడు.

*

ఫైనలుకు ముందురోజు రెండు జట్లూ సాధనకు వచ్చాయి. పైడి చేతికి తొడుగులు వేసుకుంటూ వచ్చి, గేటు దగ్గరే ఆగిపోయింది. బయటినుంచి చూస్తే వేదిక. లోపలికి చూస్తే వేదిక. మధ్యలో మాత్రం ఒక మంచం పట్టేంత పచ్చిక, దాని మీద నిలువెత్తు ఇత్తడి దీపపు సెమ్మె.

ఉత్తరం గోలుపోస్టు బల్లల్లోంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. రెండు కర్రల నడుమ, వల ముందు, ఎర్ర మఖమలు కుర్చీ.

"తాతా! నా గోల్లో కుర్చీ ఏసినావేటి?"

పోలినాయుడు తల దించుకున్నాడు. పరంధామయ్యగారే ముందుకొచ్చారు.

"అది మత్స్యసహకార సంఘాల సమాఖ్య మాజీ ఉపాధ్యక్షులవారి స్థానం. వెనక వల ఉంది కదా, వారికి అలవాటైన వాతావరణంగా ఉంటుందని కేటాయించాం."

"మరి నానెక్కడ నిలబడాలి సార్?"

"క్రీడాకారిణులకు ఎటువంటి అసౌకర్యమూ కలగకుండా అన్ని చర్యలూ తీసుకుంటున్నాం తల్లీ. బంతి తగిలి అతిథులు నొచ్చుకోకుండా ప్రతి కుర్చీకీ ఒక గొడుగు ఏర్పాటు చేశాం."

"ఆటెక్కడ ఆడాలి అని అడుగుతున్నాను సార్."

"కార్యక్రమంలో ఆట ఉంది. ఎవరూ తియ్యలేదు. స్థలం విషయం పరిశీలనలో ఉంది."

కొండలదేశపు కెప్టెన్, చెంపలు ఎర్రగా ఉన్న బలమైన పిల్ల, బంతిని చంకలో పెట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరకు వేదికను చూసింది. పైడిని భుజం మీద తట్టి, చేతులతో అడిగింది: ఏమిటిది? పైడి వేలితో గాలిలో జిలేబీ చుట్టి చూపించింది. ఆ పిల్లకు అర్థం కాలేదు. నవ్వింది. పైడి నవ్వలేదు.

మ్యాచ్ కమిషనరమ్మ ఏదో చలిదేశపు మనిషి. ఎవరి పక్షమూ కాని దేశంనుంచి ఏరి తెచ్చారు. ఆవిడ గ్రౌండు కొలవడానికి టేపు తెచ్చుకుంది. టేపు పరచడానికి చోటు లేక మళ్లీ చుట్టేసింది. దుబాసీ చేత నాలుగే ముక్కలు చెప్పించింది. రేపు సరిగ్గా ఐదింటికి రెండు దేశాల జాతీయ గీతాలు, అతిథిదేశానిది ముందు. ఆపైన గంటలోగా ఆట మొదలవ్వాలి. గ్రౌండు లేకపోతే ఆట రద్దు. అప్పుడు నాణెం ఎగరేసి, ఎవరికి పడితే వాళ్లకు కప్పు.

"గీతాలాపనకు మాకు అభ్యంతరం లేదు," అన్నారు పరంధామయ్యగారు ఉదారంగా. "సభా కార్యక్రమంలో ఎలాగూ ఉంది."

జట్టు బస్సెక్కబోతూ పైడి వెనక్కి వచ్చింది. తాత బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంది.

"నాలుగు దేశాలు మల్లీ ఎప్పుడు కలుస్తాయో తెల్దు తాతా. ఓడిపోతే ఆల్లు బాగా ఆడినారని సెప్పుకుంతాను. రూపాయి బిల్ల బొమ్మ పడక ఓడిపోనానని ఎవులికి సెప్పుకోను?"

పోలినాయుడు బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"నువ్వే ఏసినావు గదా. తీసీలేవా?"

"సబ అవ్వకుండా తియ్యకూడదే. నలబయ్యేల్లనుంచి తియ్యనేదు."

పైడి లేచి వెళ్లిపోయింది. సభ అవ్వకుండా తియ్యకూడదు. పోలినాయుడికి తను అన్న మాటే మళ్లీ వినబడింది. రెండోసారి విన్నప్పుడు అది కాస్త వేరుగా వినబడింది.

*

మర్నాడు రెండింటికి సభ మొదలైంది. ఊరి పెద్దలంతా వేదికార్హులే కావడంతో కింద కూర్చోవడానికి ఎవరూ మిగల్లేదు. కింద ఉన్నది రెండు జట్ల ఆడపిల్లలు మాత్రమే, దీపపు సెమ్మె చుట్టూ ఒదిగి. మిల్లు పనివాళ్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు, పిల్లాజెల్లా మాత్రం గోడ మీద వరసగా కూర్చున్నారు. ఆట చూద్దామని వచ్చినవాళ్లు వాళ్లే. వాళ్లను ఎవరూ పిలవలేదు.

వ్యాఖ్యాతగారు గొంతు సవరించుకుని, అప్పటికే కుర్చీల్లో కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే వేదిక మీదికి ఆహ్వానించడం మొదలుపెట్టారు.

"విద్యాదాత, విరాళ ప్రదాత, వినయ భూషణులు, ముమ్మారు ఏకగ్రీవంగా ఎన్నికై ఒక్కమారు మాత్రమే ఓడిన..."

ఒక్కొక్కరికి ఒక బిరుదావళి, ఒక పూలగుచ్ఛం, ఒక శాలువా. ఆపైన ప్రతిగౌరవ సూత్రం ప్రకారం ముగ్గురు విదేశీయులకు తలా ఒక బిరుదావళి. కొండలదేశపు ముసలి మెంబరును 'హిమశిఖర సింహం' అన్నారు. ఆయన వణుకుతూ లేచి మళ్లీ దండం పెట్టాడు. ప్రధాన అతిథిగారి ముందు బల్ల మీద బంగారు రంగు కప్పు పెట్టారు. దాని పక్కన జ్ఞాపికలు, పళ్లబుట్టలు, శాలువాలు గుట్టగా పడ్డాయి.

మూడయింది. నాలుగయింది. ఆహ్వానాలు రెండో చుట్టు మధ్యలో ఉన్నాయి. గోల్లో కూర్చున్న మాజీ ఉపాధ్యక్షులవారు గోలుకర్రకు తల ఆనించి నిద్రపోయారు. గోడ మీదినుంచి ఎవరో అరిచారు: "ఓలమ్మా, గోల్‌కీపరు పడుకున్నాడు! కొట్టీయండే!"

ఐదవబోతుండగా కమిషనరమ్మ గడియారం చూసుకుంటూ మైకుసెట్టు దగ్గరికి వచ్చింది. మైకుసెట్టూ పోలినాయుడిదే. ఆవిడ రెండు గీతాలున్న చిన్న పెన్‌డ్రైవ్ ఇచ్చి, వేళ్లతో ఐదు చూపించింది.

పోలినాయుడు పెన్‌డ్రైవ్ పెట్టాడు. వేదిక వైపు చూశాడు. పచ్చిక మీద మోకాళ్లు పట్టుకుని కూర్చున్న పైడి వైపు చూశాడు. పైడి తాతనే చూస్తోంది.

వ్యాఖ్యాతగారు "పశుగణాభివృద్ధి ప్రదాత..." అంటున్నారు. పోలినాయుడు ఆయన మైకు మీట కిందికి నొక్కి, పెన్‌డ్రైవ్ పెట్టిన పెట్టె మీట పైకి నొక్కాడు.

ముందు కొండలదేశం గీతం వచ్చింది. అందరూ మర్యాదగా లేచి నిలబడ్డారు. కొండలదేశపు పిల్లలు గుండెల మీద చేతులు వేసుకుని కళ్లు మూసుకున్నారు. తర్వాత మనది. పోలినాయుడు బీడీ పారేసి నిటారుగా నిలబడ్డాడు. ఊరంతా నిటారుగా నిలబడింది. మాజీ ఉపాధ్యక్షులవారు నిద్రలోంచే లేచి నిలబడ్డారు. జయహే అన్నంతవరకూ ఒక్క శాలువా కదల్లేదు.

జయహే అయింది.

ఆ క్షణంలో గెడ్డవలస వేదిక మీద ఏ సభ చివరన ఏం జరుగుతుందో అదే జరిగింది. కాళ్లు చెప్పుల కోసం వెతికాయి.

ప్రధాన అతిథిగారు రెండు చేతులూ జోడించి, అలవాటుగా చిరునవ్వు నవ్వి మెట్లు దిగారు. ఆయన సహాయకుడు, అలవాటుగానే, ముందు బల్ల మీద ఉన్నదంతా, పళ్లూ శాలువాలూ జ్ఞాపికలూ కప్పూ, రెండు చేతులా ఊడ్చి కారు డిక్కీలో వేశాడు. ప్రధాన అతిథి లేచాక కూర్చుని ఉండటం మర్యాద కాదు కాబట్టి పక్కవాళ్లు లేచారు. పక్కవాళ్లు లేచారు కాబట్టి వాళ్ల పక్కవాళ్లు లేచారు. ఒకే వరస కదా, ఎక్కడా తెగలేదు.

"సభ అయిపోయిందా?" అని ఎవరో అన్నారు.

"జనగణమన అయింది కదండీ."

"వందన సమర్పణ?"

"ముందే అయిపోయుంటుంది. మనమెప్పుడు విన్నాం గనక?"

అదీ నిజమే అనిపించింది అందరికీ. లోపలి చుట్లవాళ్లు మొదట పద్ధతిగా వేదిక మీదనే చుట్టూ తిరుగుతూ బయటికి నడిచారు. ఎంత నడిచినా మళ్లీ అదే గోలుపోస్టు ఎదురయ్యేది. విందు వండుతున్న గెస్ట్‌హౌస్ వైపునుంచి వేపుళ్ల వాసన వచ్చింది. పన్నెండో వార్డు మెంబరు ముందుగా దూకాడు. మొన్నటినుంచి దూకుతానని అంటూనే ఉన్నాడు, ఇవాళ ముచ్చట తీరింది. ఆపైన అందరూ పంచెలు ఎత్తి పట్టుకుని దూకారు.

పరంధామయ్యగారు చేతులు జోడించి ప్రధాన అతిథిగారి కారు తలుపు దగ్గరికి పరిగెత్తారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన కాళ్లు జయహే తర్వాత ఇంకెటూ పరిగెత్తి ఎరగవు. పొమ్మని ఎవరూ చెప్పలేదు. కారు కదిలింది, వెనకే ఆయన జీపు కదిలింది.

అసిరయ్య స్టేజి వెనకనుంచి తల బయటపెట్టాడు. "అయ్యా, ఇంకా ఏటో పిలుస్తన్నట్టున్నారు గదా?"

"జనగణమన అయినాదా, నేదా?"

"అయినాది."

"మరేటి సూస్తన్నావు?"

అసిరయ్య మనుషులు ఇంకో మాట అడగలేదు. కుర్చీలు ఒకదానిలో ఒకటి దిగాయి. బల్లలు లేచాయి, బాదులు ఊడాయి, తివాచీలు చుట్టుకున్నాయి. గోడ మీది జనం ఒక్కసారి దిగి వచ్చి చెయ్యేశారు. కూరగాయలమ్మే ఆడవాళ్లు కుర్చీలు నెత్తిన పెట్టుకుని లారీ దగ్గరికి నడిచారు. రెండు జట్ల పిల్లలూ కలిసి దీపపు సెమ్మె మోశారు. పచ్చిక మీద బాదుల గుంతల్ని పైడి తనే కాలితో తొక్కి పూడ్చింది. ఎర్ర మఖమలు కుర్చీని పోలినాయుడే వెళ్లి తీశాడు. మాజీ ఉపాధ్యక్షులవారు గొడుగు మరిచిపోయారు. అదీ తీశాడు.

కమిషనరమ్మ టేపు విప్పింది. ఈసారి అది ఈ మూలనుంచి ఆ మూలదాకా పారింది. గంట ఇంకా కాలేదు. ఆవిడ తల ఊపింది. గ్రౌండు దీపాలు వెలిగాయి. ఈల మోగింది.

*

ఆట ఎలా జరిగిందో పోలినాయుడు తర్వాత ఎవరికీ వర్ణించి చెప్పలేదు. చుట్టిన తివాచీ ఒకటి భుజం మీద ఉండగా ఉత్తరం గోలు వెనక నిలబడ్డాడు. ఆట అయ్యేదాకా దాన్ని దించలేదు. దించాలని తోచలేదు. కొండలదేశం పిల్లలు మేకల్లా ఎగబడ్డారు. పైడి కుడికి దూకింది, ఎడమకు దూకింది, ఒకసారి బంతితో పాటు తనే గాలిలో తేలింది. గోడ జనం అరిచిన ప్రతిసారీ పోలినాయుడి భుజం మీద తివాచీ ఒక జానెడు ఎగిరింది.

చివర్లో, చెంపలు ఎర్రగా ఉన్న ఆ కెప్టెన్ పిల్ల దూరంనుంచి కొట్టింది. పైడి దూకింది. వేలి కొసలు తగిలాయి. బంతి ఆగలేదు. వల ఊగింది.

ఒక్క గోలుతో కొండలదేశం గెలిచింది.

గెలిచినవాళ్లకు ఇద్దామంటే కప్పు లేదు. ఇచ్చేవాళ్లు కూడా లేరు. కొండలదేశపు పిల్లలు వరసగా నిలబడి ఎదురుచూశారు. కమిషనరమ్మ అటూ ఇటూ చూసింది. పోలినాయుడు లారీ ఎక్కి, పాత్రల మధ్యనుంచి పెద్ద ఇత్తడి గంగాళం ఒకటి దొర్లించాడు. గెడ్డవలసలో మూడు తరాల పెళ్లి పప్పు అందులోనే ఉడికింది. పైడి దాన్ని ఒక చెవి పట్టుకుంది. కెప్టెన్ పిల్ల రెండో చెవి పట్టుకుంది. ఇద్దరూ కలిసి నెత్తి మీదికి ఎత్తారు. గోడ జనం కేకలకు గంగాళం లోపల గణగణమంది. వాళ్లలో, వెళ్లిపోకుండా మిగిలిన అతిథి ఒక్కడే ఉన్నాడు: హిమశిఖర సింహం. తన దేశపు పిల్లల్ని చూసి ఇప్పుడు ఏడుస్తూ నవ్వుతున్నాడు. తననెందుకు తెచ్చారో ఆయనకు అప్పుడు తెలిసింది.

రాత్రి భోజనాలయ్యాక పరంధామయ్యగారి జీపు దుమ్ము రేపుకుంటూ తిరిగొచ్చింది. దిగి, ఖాళీ పచ్చికను చూసి, చేతులు జోడించడం మరిచిపోయారు.

"నాయుడూ! ఇంకా రెండు చుట్ల ఆహ్వానాలున్నాయి! వేదిక ఏదీ?"

"లారీలో ఉంది బావూ."

"ఆట పెట్టాలి కదా మరి!"

"అయిపోనాది."

"అయిపోయిందా? ఎవరు పెట్టమన్నారు?" ఆయన నుదురు తుడుచుకున్నారు. "అయితే... వందన సమర్పణ?"

ఆ మనిషి మొహం చూస్తే పోలినాయుడికి జాలేసింది. ఎలుగుబంట్లు కనబడుతున్నట్టున్నాయి ఆయనకు. లారీలోంచి ఒక కుర్చీ దించి పచ్చిక మీద వేశాడు. మైకు తగిలించాడు. పరంధామయ్యగారు జేబులోంచి కళ్లజోడు తీసి, ఖాళీ గ్రౌండుకు ఎదురుగా నిలబడి, ముఖ్య అతిథులతో మొదలుపెట్టి, పూలదండలు కట్టినవారి వరకు, పేరుపేరునా వందనాలు సమర్పించారు. ఆఖర్న, "వేదిక సమకూర్చిన శ్రీ పోలినాయుడుగారికి" అన్నప్పుడు ఆయన వైపు తిరిగి, ఈసారి చేతులు పూర్తిగా జోడించారు. ఆ పేరు అందులో ప్రతి సభలోనూ ఉంటుందని పోలినాయుడికి ఇన్నేళ్లూ తెలియదు. వినలేదు కదా.

మైకు కూడా లారీ ఎక్కింది. పైడి తాత పక్కన, ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుంది. మోకాళ్లకు పచ్చిక మరకలు. గంగాళం కొండలదేశం బస్సులో వెళ్లిపోయింది. వాళ్లు ఇవ్వబోయారు, పోలినాయుడు పుచ్చుకోలేదు.

లారీ మిల్లు గేటు దాటింది.

"సూసినావా తాతా?"

"సూసినాను."

"ఏటి లాబం, ఓడిపోనాం గదా."

పోలినాయుడు ఆమె మోకాలి మీది పచ్చిక మరక చేత్తో తుడిచాడు.

"ఓడితే ఓడినావు లేయే. గోల్లో నువ్వున్నావు గదా."